చిత్రము వ్రాయించుకొనుట

మన దేశమున చిత్రము వ్రాయించుకొనుట యనునది చిరకాలము ప్రభువులకు వినోదముగను, దేవాలయములకు అలంకారముగను, కులపురాణములు చెప్పు కథకులకు జీవనసాధనముగను వర్ధిల్లినది. 1888వ సంవత్సరమున బరోడా సంస్థానాధీశ్వరుడగు శయాజీరావు గాయక్వాడు రాజా రవివర్మను తన నూతన ప్రాసాదమునకై 14 పౌరాణిక చిత్రములను వ్రాయవలసినదిగా కోరినపుడు, ఆ చిత్రకారుడు తత్‌క్షణమే కుంచె చేతబట్టక, తమ్ముడగు రాజరాజవర్మతో గూడి ఉత్తరదేశమున సంచరించి, ఆయా ప్రాంతముల వేషభూషణాదులను కన్నులార పరిశీలించి, అటు పిమ్మటనే పనికి పూనుకొనెను. చిత్రములు కావలెనన్న ప్రభువు సొమ్ముతోబాటు కాలమును గూడ ఇచ్చెను. నేను నేడు మీతో ముచ్చటింప దలచిన విషయమునకు ఈ వృత్తాంతము తగిన ప్రవేశిక యని నా యభిప్రాయము.

ప్రభువుల మాట యటుండ, సామాన్యులు వ్రాయించుకొన్న చిత్రముల పరంపర మన తెలంగాణముననే కలదు. సిద్దిపేట ప్రాంతపు చేర్యాలలో నకాషీ కళాకారులు తరతరములుగ వ్రాయుచు వచ్చిన పటములను ఎరుగని వారుండరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము వినిపించు కూనపులివారును, ముదిరాజులకు వారి కులగాథ చెప్పు కాకిపడగలవారును, తమ కథకు వలసిన పటమును నకాషీ చేతనే వ్రాయించుకొనువారు. నకాషీ ఖాదీగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల పిండి, జిగురు కలిపి పూతపెట్టి, ఎండనిచ్చి, ఎఱ్ఱని నేపథ్యముమీద ఘట్టము వెంబడి ఘట్టముగ, చుట్టిన కొలది చుట్టవలసినంత పొడవున కథనెల్ల నిలిపెడివాడు. ఈ యేర్పాటులో నన్ను మిక్కిలి ఆకర్షించునది అందలి శ్రమవిభాగము. కథకుడు కథ నెరుగును. ఏ ఘట్టము వెనుక ఏ ఘట్టము రావలెనో, ఏ పాత్రను చూచి సభవారు చేతులు జోడింతురో వానికి తెలియును. ఆ తెలిసినదానినంతయు దాపరికము లేక అతడు నకాషీ ముందర నుంచును. ఇక ఆ పాత్ర కన్నులు ఎంత వెడల్పుండవలెనో, గుఱ్ఱము మెడ ఎటు వంపు తిరుగవలెనో చెప్పుటకు అతడు పూనుకొనడు. నేడు చిత్రము వ్రాయించుకొన నెంచువారికి నేను చెప్పదలచిన మాట యంతయు ఈ యొక్క మర్యాదలోనే యిమిడియున్నది.

ఏలయన, ప్రభువులకు దక్కిన ఆ భాగ్యము నేడు తెనాలిలోనున్న ఉపాధ్యాయునికిని, కరీంనగరమున పుస్తకము వేయించుకొను కవికిని, న్యూజెర్సీలో నుండి తల్లిదండ్రుల షష్టిపూర్తికి కానుక పంపదలచిన కుమారునికిని సమానముగ లభించుచున్నది. ఏ సంస్థలోను జీతమునకు కుదురుకొనక, వచ్చిన పనిని స్వతంత్రముగ స్వీకరించి, ఇంటనే కూర్చుండి తెరమీద బొమ్మలు వ్రాయు యువతీయువకులు నేడు మన పట్టణములలో ననేకులున్నారు. ఫ్రీలాన్స్ డిజిటల్ ఆర్టిస్టులని వీరిని పిలుచుచున్నారు. ఒకరు వాకమ్ పలకమీదను, ఒకరు ఐప్యాడ్ గాజుమీదను పెన్ను నడపుదురు. ఒకరు ఫొటోషాప్‌ను, ఒకరు ప్రొక్రియేట్‌ను, సొమ్ము పెట్టలేని వేరొకరు ఉచితముగ దొరకు క్రితాను వాడుదురు. పెండ్లిపత్రిక, పుస్తకపు అట్ట, మిఠాయి అంగడి డబ్బామీది బొమ్మ, గతించిన పెద్దల రూపచిత్రము — వీరివద్దకు వచ్చు పనులలో పెక్కు ఇట్టివే.

ఇందు మొట్టమొదట తొలగవలసిన భ్రమ యొకటి కలదు. తెరమీద వ్రాయుచున్నారు గావున యంత్రమే వ్రాయుచున్నదనియు, అందుచేత రెండు గడియలలో ముగియవలసిన పనికి వేలకువేలు అడుగుట అన్యాయమనియు భావించువారు చదువుకొన్నవారిలో సైతము కనబడుచున్నారు. 1994లో ఫొటోషాప్‌లోనికి వచ్చిన లేయర్ల సదుపాయమువలన, గీతలొక పొరమీదను, రంగులొక పొరమీదను, వెలుగునీడలు వేరొక పొరమీదను వేసికొని, ఒకదానిని చెరపక మరియొకదానిని దిద్దుకొనుటకు వీలు చిక్కినమాట వాస్తవమే. తప్పిన గీతను వెనుకకు తీసికొనవచ్చును గూడ. అయితే ఏ గీత తప్పినదో చూడవలసిన కన్ను ఆ చిత్రకారునిదే. ముంజేతి వంపు, చీర కుచ్చెళ్ల అమరిక, వృద్ధుల కన్నుల క్రింది ముడుతలు ఏండ్లతరబడి చూచి నేర్చుకొనిన చేయియు అతనిదే. మనమిచ్చు సొమ్ము ఆ యేండ్ల సాధనకు చెల్లుచున్నది.

నేనెరిగిన యొక కుటుంబము వారి సంగతి చెప్పెదను. వారింటి పెద్దావిడ చనిపోయి చాలకాలమైనది. ఆమెదిగ మిగిలినది స్టూడియోలో తీయించిన నలుపు తెలుపుల చిన్న ఫొటో ఒక్కటే. ఆమె ఎన్నడును చూడని మునిమనుమలను ఒడిలోను ప్రక్కలను కూర్చుండబెట్టుకొనినట్లు ఒక చిత్రము వ్రాయించి, ఇంటి నడవలో పెట్టుకొనవలెనని మనుమని కోరిక. ఇట్టి కోరిక నేడు చిత్రకారులవద్దకు తఱచుగ వచ్చుచున్నది. ఫొటోలో ఎన్నడును కలియనివారిని చిత్రమొక్కటే కలుపగలదు గదా. అతడు ఒక చిత్రకారిణికి ఉత్తరము పంపెను. అందు "మా నాయనమ్మగారి బొమ్మ అందముగా, సంప్రదాయముగా, నిండుగా రావాలి" అని యుండెను. సద్భావముతో వ్రాసిన మాటలే. కాని అందు గీయుటకు చాలినది ఒక్కటియు లేదు. నిండుదనమునకు ఆకారము లేదు. సంప్రదాయము కృష్ణాతీరమున నొకటియు, గోదావరీతీరమున నొకటియు, మెదకుసీమలో నొకటియు.

ఆ చిత్రకారిణి తిరిగి ప్రశ్నలు పంపెను. నాయనమ్మగారు కట్టుచుండిన చీరలు ఏ ఊరి నేత? ఫొటోలో చీర నల్లగా కనబడుచున్నది, నిజమునకు ఏ రంగు? నుదుటి బొట్టు కుంకుమయా, తిలకమా? చేతులకు గాజులు మాత్రమేనా, మురుగులుండెడివా? పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొను అలవాటున్న మనిషియా, చెంత నిలుపుకొను మనిషియా? నవ్వునపుడు పండ్లు కనబడెడివా? ఇవియన్నియు ఒక యెత్తు. చివరి ప్రశ్న యొక యెత్తు. ఫొటోలో పైట కుడిభుజముమీద నున్నది. ఆవిడది నిజముగ కుడిపైటయేనా, లేక స్టూడియోవారు నెగెటివును తిరుగవేసి అచ్చుతీసిరా? నెగెటివు తిరుగబడియున్న పక్షమున ముక్కుపుడక యున్న వైపును, పాపట ప్రక్కనున్న పుట్టుమచ్చయును, సర్వమును తారుమారగును.

మనుమనికి వీనిలో సగమునకైనను సమాధానము తెలియదు. అతడు పాలకొల్లులోనున్న తన మేనత్తకు ఫోను చేసి అడిగెను. ఎనుబదియేండ్ల ఆ వృద్ధురాలు ఒక్క ప్రశ్నకును తడుముకొనలేదట. "మా అమ్మది ఎడమపైటేరా నాయనా. ఆ ఫొటో తిరగబడిందని మా నాన్నగారు ఎప్పుడూ విసుక్కునేవారు. ముక్కుపుడక కుడివైపు. ఆ చీర వెంకటగిరిది, ఉల్లిపొర రంగు, దానికి సన్నజరీ. మా అమ్మ పిల్లల్ని ఒళ్లో పెట్టుకునేది కాదు, పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమిరేది" అని చెప్పినదట. ఆ అయిదు వాక్యములతో చిత్రము సగము పూర్తియైనదని నేననుకొందును. పూర్వపు ఫిల్ములలో కొన్ని ఎఱుపును గ్రహింపలేనివి గనుక కుంకుమ బొట్టు నల్లగా పడుటయు, లేత ఎఱుపు చీర ముదురుగ కనబడుటయు సాధారణము. ఆ సంగతి చిత్రకారిణికి తెలియును. ఉల్లిపొర రంగన్నది మేనత్తకు తెలియును. ఈ యిద్దరి జ్ఞానమును ఒకచోట చేర్చుటయే ఆ మనుమడు చేయవలసిన పని. అతడా పనిని శ్రద్ధగ చేసెను. పిల్లలను ఒడిలో చూడవలెనన్న తన మొదటి కోరికను సైతము విడిచిపెట్టెను.

చిత్రము వ్రాయించుకొనువారు చేయదగిన సాయమిదియే. ఏమి గీయవలెనో గీతగీతగ శాసించుటకంటె, విషయమును గూర్చి తమకు తెలిసిన సమస్తమును, తెలియనిచో పెద్దలనడిగి తెలిసికొని, చిత్రకారుని ముందర పోయవలెను. చిత్రము ఎచ్చట ఉండబోవుచున్నదో, ఎవరు చూతురో, ఎంత దూరమునుండి చూతురో చెప్పవలెను. పాత ఫొటోను సెల్‌ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపినచో అది దానిని నలిపివేసి, ఉన్న కొద్ది వివరమును గూడ మాపివేయును. స్కానరుమీద 600 డీపీఐలో స్కాను చేయించి, డాక్యుమెంటుగనైనను, ఈమెయిలులోనైనను పంపవలెను. చిత్రకారుని పూర్వపు పనులలో తమకు నచ్చినవానిని రెండు మూటిని చూపి, ఎందుకు నచ్చినవో చెప్పగలిగినచో మఱియు మేలు. అన్నిటికంటె ముందు ఆ చిత్రకారుని పద్ధతి తమ కోరికకు తగినదగునా యని చూచుకొనవలెను. వ్యంగ్యచిత్రములు వ్రాయువాని నాశ్రయించి, తైలవర్ణచిత్రమువలె రావలెనని పీడించుట ఇరువురికిని దుఃఖహేతువు.

పని మొదలైన పిమ్మట చిత్రకారుడు ముందుగ రఫ్ స్కెచ్ పంపును. అందు ముఖములు స్పష్టముగ నుండవు, రంగులుండవు. ఎవరెక్కడ కూర్చుందురు, వెలుగు ఎటునుండి పడును అనునంతే తెలియును. అది చూచి చాలమంది నిరుత్సాహపడి, "సరే కానీండి" అని యూరకుందురు. మాటలాడవలసిన సమయము సరిగా అదియే. రంగులు వేసి, నీడలు దిద్ది, జరీ మెఱుపు పెట్టిన తరువాత నాయనమ్మగారిని కుడిప్రక్కనుండి ఎడమప్రక్కకు జరుపుమనుట, గోడలు లేచి పైకప్పు పడిన యింటికి వాకిలిని తూర్పునుండి ఉత్తరమునకు తిప్పుమనుటవంటిది. అందుచేతనే నేర్పరులైన చిత్రకారులు ఎన్నిమారులు కరెక్షన్లు చేయుదురో ముందే చెప్పుదురు, అంతకు మించినచో అదనపు రుసుము తీసికొందురు. దీనిని పట్టుదలగ నెంచరాదు. కుటుంబములో పదిమంది పదిరకములుగ చెప్పుచుండగా అందఱి మాటయు చిత్రకారునికి చేరవేయుట క్రూరము. ఇంటిలోని వాదములు ఇంటిలోనే తీర్చుకొని, ఒక్కరే మాటలాడవలెను. సగము సొమ్ము ముందుగ ఇచ్చుట యిప్పుడు వాడుకలో నున్న మర్యాద; దానికి బేరమాడువారు తక్కిన సగమునకు గూడ బేరమాడుదురని చిత్రకారులకు అనుభవము. ఇక "మీ బొమ్మ నలుగురు చూతురు, మీకు పేరు వచ్చును" అని చెప్పి ఊరక వ్రాయించుకొనుట దోపిడియే. దానికి మఱియొక పేరు నాకు తోచలేదు.

పరిమాణమును గూర్చి ఒక్కమాట. తెరమీద నిగనిగలాడు చిత్రము కాగితముమీద మసకబారినదని ముద్రణాలయముతో కలహించువారు, ఆ చిత్రము ఏ కొలతతో తయారైనదో అడుగరు. ఏ4 కాగితముమీద అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేయవలెనన్నచో 2480 పిక్సెళ్ల వెడల్పును, 3508 పిక్సెళ్ల ఎత్తును కావలెను. తెర వెలుగుతో రంగులను కల్పించును, అచ్చుయంత్రము సిరాతో కల్పించును; అందుచే తెరమీది చిలుకపచ్చ, మెఱయు నీలము, రాణీరంగు కాగితముమీద కొంత కాంతి కోల్పోవుట తప్పదు. అచ్చుకొఱకని ముందే చెప్పినచో చిత్రకారుడు ఆ రంగులను ఆ మేరకు సవరించి వ్రాయును.

తెలుగు అక్షరములు చేరు చిత్రములకు మఱియొక చిక్కు కలదు. ఫొటోషాప్ పాత వెర్షన్లు మొదలగువానిలో భారతీయ లిపులకు తగిన అమరిక ఎంచుకొననిచో ఒత్తులు విడిపోవును. పెండ్లిపత్రిక శిరస్సున "శ్రీరస్తు" అనుదానిలో సకారపు పొల్లును, దాని ప్రక్క తకారమును విడివిడిగ నిలిచి వికారముగ కనబడును. తెలుగు చదువరాని చిత్రకారుడు ఆ దోషమును గుర్తింపజాలడు. అక్షరములను సరిగా కూర్చి, వానిని ఆకృతులుగ మార్పించి, తెలుగు తెలిసిన ఇద్దరు చదివిన మీదటనే అచ్చునకు పంపవలెను. అక్షరమును గూడ చిత్రముగ చూచిన బాపుగారి చేతివ్రాత ఫాంటుగ మారి, నేటికిని మన పత్రికలయందును అట్టలమీదను దర్శనమిచ్చుచుండుట మనకెల్లరకు తెలిసినదే. తెలుగు చిత్రమున అక్షరమునకు గల స్థానమునకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇక హక్కుల విషయము. ఇందు జనసామాన్యమునకు గల అజ్ఞానము మెండు గనుక కొంత వివరముగ చెప్పవలసియున్నది. 1957 నాటి మన కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, గ్రంథమునకైనను చిత్రమునకైనను మొదటి హక్కుదారు దాని కర్తయే. అయితే ఆ సెక్షనులోనే, ఒకరి కోరికమీద ప్రతిఫలము పుచ్చుకొని వ్రాసిన పెయింటింగునకును, రూపచిత్రమునకును, వేరొక ఒప్పందము లేనిచో, వ్రాయించుకొన్నవారే మొదటి హక్కుదారులగుదురని యొక మినహాయింపు కలదు. తెరమీద వ్రాసిన పెండ్లిపత్రిక బొమ్మయు, వ్యాపారచిహ్నమును ఈ మినహాయింపులోనికి వచ్చునా యనుటకు వాదమునకు తావున్నది. కావున ఒక కాగితముమీద వ్రాసికొనుటయే ఉభయులకును క్షేమము. హక్కు బదిలీ చేయు పత్రము చిత్రకారుని సంతకముతో నుండవలెననియు, అందు కాలపరిమితి చెప్పనిచో అయిదేండ్లుగను, దేశపరిధి చెప్పనిచో భారతదేశమునకు మాత్రమే వర్తించునట్లుగను భావింపవలెననియు 19వ సెక్షను శాసించుచున్నది. అమెరికాలో పుస్తకము వేయదలచి హైదరాబాదులో అట్టబొమ్మ వ్రాయించుకొను మన ప్రవాసాంధ్రులు ఈ విషయమును మఱవరాదు. ఇంటి నడవలో పెట్టుకొనుటకు వ్రాయించిన బొమ్మను టీషర్టులమీద అచ్చువేసి అమ్ముకొనదలచినచో, అది వేరొక వాడుక, వేరొక వెల.

హక్కులన్నియు కొనుక్కొన్నను చిత్రకారునివద్దనే నిలిచిపోవునది యొకటి కలదు. ఆ చట్టమే 57వ సెక్షనులో, కృతి తనదని చెప్పుకొను హక్కును, తన గౌరవమునకు భంగము కలుగునట్లు దానిని వికృతపఱచినచో అడ్డగించు హక్కును కర్తకే యుంచినది. దీనికి మన దేశమున సుప్రసిద్ధమైన దృష్టాంతము అమరనాథ్ సెహగల్ అను శిల్పిది. 1957లో ప్రభుత్వము ఆయనను ఢిల్లీ విజ్ఞాన భవనమునకు ఒక కంచు కుడ్యశిల్పమును నిర్మింప కోరినది. 140 అడుగుల పొడవును, 40 అడుగుల ఎత్తును గల ఆ మహాశిల్పమును ఆయన 1962 నాటికి పూర్తిచేసెను. 1979లో భవనమును మరమ్మతు చేయుచు దానిని గోడనుండి ఊడదీసి, శిల్పికి తెలుపకయే గిడ్డంగిలో పడవేసిరి; ముక్కలు కొన్ని పోయినవి. ఆయన న్యాయస్థానమున కెక్కెను. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన శకలములను ఆయనకు తిరిగి యిచ్చివేయవలెననియు, అయిదు లక్షల రూపాయల నష్టపరిహారము చెల్లింపవలెననియు తీర్పు చెప్పినది. సొమ్మిచ్చి చేయించుకొన్నవారు సాక్షాత్తు ప్రభుత్వమే. అయినను ఆ శిల్పముమీద సర్వాధికారము వారికి లేదని తేలినది. పెండ్లిపత్రికబొమ్మలో ఒకరి ముఖము తీసివేసి వేరొకరి ముఖమతికించువారు, రంగులు మార్చి మఱియొకరి పెండ్లికి వాడుకొనువారు, ఈ తీర్పును ఒక్కమారు తలచుకొందురు గాక.

ఇటీవల మాట చెప్పినంతనే బొమ్మ కల్పించు ఏఐ సాధనములు వచ్చినవి. చిత్రకారుడు వానిని వాడునో వాడడో, వాడినచో ఏ మేరకో, మొదటనే విప్పి మాటలాడుకొనవలెను. ఒకరు చేతిపని యనుకొని సొమ్మిచ్చి, వేరొకటి పుచ్చుకొనుట తగదు. నా మట్టుకు, ఆ నాయనమ్మగారి చిత్రము తలపునకు వచ్చును. ఆ సాధనము క్షణములో ఒక ముసలావిడను సృష్టించి, ముక్కుపుడకను ఏదో యొక వైపున పెట్టి ఊరకుండును. పైట ఎటున్నదని పాలకొల్లునకు ఫోను చేయించునది చిత్రకారిణి ప్రశ్నయే.

చివరిగ, పేరు. చందమామ ముఖచిత్రముల మూలన "వపా" అన్న రెండక్షరములను చూచి వడ్డాది పాపయ్యగారిని గుర్తించిన తరములు మనవి. ఆ రెండక్షరములను ముద్రించుటకు పత్రికవారు చోటు విడిచిరి గనుకనే మన కాయన తెలిసెను. మన రాజ్యాంగము మూలప్రతిని చేతివ్రాతలో లిఖించిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా సొమ్ము వలదని, ప్రతి పుటమీదను తన పేరును, చివరి పుటమీద తన పేరుతోబాటు తాతగారి పేరును ఉండనిమ్మని మాత్రమే కోరెనని చెప్పుదురు. తెరమీద వ్రాయు నేటి చిత్రకారునికి మూలప్రతి యని గోడకు తగిలించుకొనుటకు వేరొకటి మిగులదు. ఫైలు మన చేతిలో పడగానే అది వేయి సెల్‌ఫోనులకు పోవును, ప్రతిచోటను అదియే మూలము, అదియే ప్రతి. దానితోబాటు పోగలిగినది ఆ మూలనున్న చిన్న సంతకమొక్కటే. వాట్సాప్ చతురస్రములో ఇముడుట లేదని దానిని కత్తిరింపకుడు. పుస్తకము వేయువారు ముఖచిత్రకారుని పేరును ముద్రాపకుని పేరు ప్రక్కనైనను వేయుడు. అచ్చయిన ప్రతి నొకదానిని వారి చిరునామాకు పంపుడు.